రిడ్జ్ బాటలో ఒక పగటి నడక: దిగే దారి నుంచే లెక్క మొదలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అడవి కొండల రిడ్జ్ బాటల గురించే ఉన్నాయి. రెండు వైపులా వాలు దిగిపోతుండగా నడుమ కొండ వెన్ను మీదుగా సాగే ఈ బాటల్లో పొద్దున వెళ్లి పొద్దు గుంకేలోగా తిరిగి రావాలనుకునేవారికి పనికొచ్చే ప్రశ్నలను ఏరి, జవాబులతో ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మేము ఆరుగురు స్నేహితులం ఒక రిడ్జ్ మీదుగా శిఖరం దాకా వెళ్లి, అదే దారిన తిరిగి రావాలనుకుంటున్నాం. రానూ పోనూ 14 కిలోమీటర్లు. మొదటి రెండున్నర కిలోమీటర్లలో 600 మీటర్ల ఎత్తు ఎక్కితే రిడ్జ్ వస్తుంది. అక్కడి నుంచి శిఖరం ఇంకో నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో, మరో 300 మీటర్ల ఎత్తులో ఉంది. మధ్యలో రెండు కనుమలున్నాయి. మైదానంలో మేమందరం గంటకు ఐదు కిలోమీటర్లు సులువుగా నడుస్తాం కాబట్టి మూడు గంటల్లో పని అయిపోతుందని ఒక మిత్రుడి వాదన. ఉదయం పది గంటలకు బయలుదేరితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మీ మిత్రుడు దూరాన్ని లెక్కలోకి తీసుకుని ఎత్తును వదిలేశారు. స్కాట్లాండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన ఒక సూత్రాన్ని కొండల్లో నడిచేవారు ఇప్పటికీ వాడుతున్నారు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే, ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట వేసుకోవాలి. మీ 14 కిలోమీటర్లకు 2 గంటల 48 నిమిషాలు పడుతుంది. ఇక ఎత్తు సంగతి చూస్తే, అది మీరనుకుంటున్నట్టు 900 మీటర్లతో ఆగదు. కనుమ అంటే దిగి మళ్లీ ఎక్కాల్సిన చోటు. ఒక్కో కనుమ 60 మీటర్ల లోతు ఉందనుకుంటే, పోయేటప్పుడు 120 మీటర్లు, తిరిగి వచ్చేటప్పుడు ఇంకో 120 మీటర్లు ఎక్కాలి. అంటే మొత్తం ఎక్కుడు 1140 మీటర్లు, దానికి 1 గంట 54 నిమిషాలు.

నైస్మిత్ సూత్రంలో దిగడానికి ప్రత్యేకంగా సమయం లేదు. తరువాతి కాలంలో ఎరిక్ లాంగ్‌మ్యూర్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు దానికి ఒక సవరణ చేర్చారు. వాలు 12 డిగ్రీలు దాటిన చోట దిగే ప్రతి 300 మీటర్లకు పది నిమిషాలు కలపమన్నారు. మీ మొదటి ఎక్కుడు సుమారు 13 డిగ్రీల వాలు కాబట్టి, తిరుగు ప్రయాణంలో అక్కడ 20 నిమిషాలు కలపాలి. ఇవన్నీ కూడితే 5 గంటల 2 నిమిషాలవుతుంది. ఇది మంచి దారుఢ్యం ఉన్న మనిషి ఎక్కడా ఆగకుండా, తిండికి కూడా కూర్చోకుండా నడిస్తే పట్టే సమయం. ఆరుగురి గుంపు, అడుగడుగునా వేళ్లు తేలిన అడవి బాట, విశ్రాంతులు, ఫోటోలు, ఒకరి బూటు లేసు ఊడితే మిగతా ఐదుగురూ నిలబడిపోవడం, ఇవన్నీ తలచుకుని దానికి సగం కలపండి. ఏడున్నర గంటలు వస్తుంది. గుంపు వేగం ఎప్పుడూ అందరిలోకీ నెమ్మదిగా నడిచేవారి వేగమే కాబట్టి, ఆ లెక్కను కూడా వారిని దృష్టిలో పెట్టుకునే వేయాలి.

ఇప్పుడు గడియారాన్ని వెనక్కి తిప్పండి. సూర్యాస్తమయం ఆరు గంటలకు అనుకుంటే, నాలుగు గంటలకల్లా కిందికి చేరేలా చూసుకోవాలి. ఆ మిగిలిన రెండు గంటలు వృథా కాదు, ఎవరి చీలమండైనా బెణికితే అవే ఆదుకుంటాయి. పైగా దట్టమైన చెట్ల కింద, అందులోనూ తూర్పు వాలు మీద, పంచాంగంలో చూపిన వేళ కంటే చాలా ముందే బాట కనిపించడం మానేస్తుంది. కాబట్టి ఓ అరగంట వెసులుబాటు ఉంచుకుని మీరు ఎనిమిది గంటలకు నడక మొదలుపెట్టాలి. పోవడానికి సుమారు 4 గంటల 40 నిమిషాలు, తిరిగి రావడానికి 2 గంటల 55 నిమిషాలు పడతాయి. శిఖరం కనిపిస్తున్నా సరే, మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనుదిరగాలని కింద ఉన్నప్పుడే ఆరుగురూ ఒప్పందం చేసుకోండి. పైన నిలబడి చర్చ పెట్టుకుంటే, ‘ఇంకో పావుగంటే కదా’ అనేవారి మాటే నెగ్గుతుంది.

మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసే కాంటూరు రేఖల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లయితే, అంతకంటే చిన్న మిట్టపల్లాలు అందులో కనిపించకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి. రిడ్జ్ మీద అలాంటి బుడిపెలు వరసగా వస్తాయి. మ్యాపులో చదునుగా కనిపించిన కిలోమీటరు కాళ్లకు చదునుగా అనిపించకపోవడానికి సగం కారణం అదే.

ప్రశ్న: రిడ్జ్ మీద దారి తప్పే అవకాశమే లేదనీ, పైకి ఎక్కుతూ పోతే శిఖరం వస్తుందనీ, వెనక్కి తిరిగితే మొదలుపెట్టిన చోటికి చేరతామనీ అంటారు. నిజమేనా? ఫోనులో మ్యాపు ఉండగా దిక్సూచి మోయడం అవసరమా?

జవాబు: మొదటి సగం నిజం, రెండో సగం ప్రమాదకరం. మీ చేతిని బల్ల మీద బోర్లా పెట్టి వేళ్లు ఎడంగా చాపి చూడండి. ఏ వేలి కొస నుంచి బయలుదేరినా మణికట్టు వైపే చేరతారు. మణికట్టు నుంచి కిందికి దిగాలంటే మాత్రం ఐదు దారులుంటాయి. కొండ వెన్నూ అంతే. ఎక్కేటప్పుడు పక్కగట్లన్నీ, అంటే కొండ వెన్ను నుంచి పక్కలకు చీలి దిగే చిన్న వెన్నులన్నీ, ఒక్కొక్కటిగా వచ్చి మీ దారిలోనే కలుస్తాయి, వాటిని మీరు గమనించను కూడా గమనించరు. దిగేటప్పుడు అవే గట్లు ఒక్కొక్కటిగా చీలిపోతూ, ప్రతి చీలిక దగ్గరా మిమ్మల్ని నిర్ణయం అడుగుతాయి. రిడ్జ్ బాటల్లో దారి తప్పడం సాధారణంగా తిరుగు ప్రయాణంలోనే, అదీ అలసట, తొందర కలిసిన వేళలోనే జరుగుతుంది.

ఆ పొరపాటు ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మీరు ఒక చిన్న మిట్ట దిగుతున్నారు. నేలంతా ఎండుటాకులు, బాట ఆనవాళ్లు సన్నగా ఉన్నాయి. ఎదురుగా వెడల్పైన, చెట్లు పలచగా ఉన్న గట్టు ఒకటి సాఫీగా కిందికి జారుతోంది. అసలు బాట మాత్రం ఒక పడిపోయిన మాను పక్క నుంచి చటుక్కున ఎడమకు తిరిగి, ఇరుకైన గట్టు మీదికి పోతోంది. ఎవరూ ‘ఇటు పోదాం’ అని అనరు. కాళ్లు వాటంతటవే వాలు చూపిన వైపు పోతాయి. పది నిమిషాల తరువాత, పొద్దున చూసిన ఆనవాలు ఒక్కటీ ఎదురుకావడం లేదని ఎవరికో తడుతుంది. అప్పటికి వంద మీటర్లు దిగిపోయి ఉంటారు. ఆ వంద మీటర్లు మళ్లీ ఎక్కడానికి మనసు ఒప్పుకోదు కాబట్టి, ‘ఇదీ ఎక్కడో ఒకచోట కిందికే కదా పోతుంది’ అనే వాదన పుడుతుంది. అసలు చిక్కు ఆ వాదనతోనే మొదలవుతుంది. అలాంటి గట్టు చివర కొండచరియ ఉండవచ్చు, లోయలోకి దిగితే వాగు జలపాతంగా దూకే చోటు ఎదురుకావచ్చు. వాగు వెంట పోతే ఊరు చేరతామన్న నమ్మకాన్ని కొండల్లో వదిలిపెట్టండి. ఎంత కష్టమైనా, చివరిసారిగా ‘ఇది ఫలానా చోటు’ అని నిశ్చయంగా గుర్తించిన చోటికి తిరిగి ఎక్కడమే సరైన పని.

దీనికి విరుగుడు పోయేటప్పుడే మొదలుపెట్టాలి. ఒక గట్టు వచ్చి కలిసిన ప్రతి చోటా ఆగి వెనక్కి తిరిగి చూడండి, ఎందుకంటే సాయంత్రం మీకు కనిపించబోయేది ఆ దృశ్యమే. వీలైతే అటువైపు తిరిగి ఒక ఫోటో తీసుకోండి. ఇంటి దగ్గరే మ్యాపు ముందు పెట్టుకుని, కాంటూరు రేఖలు మలుపు తిరిగిన కొసలు ఎటు చూస్తున్నాయో పరిశీలించండి. కొస పల్లం వైపు పొడుచుకు వస్తే అది గట్టు, మిట్ట వైపు పొడుచుకు వస్తే అది లోయ. తిరుగు దారిలో గట్టు చీలే ప్రతి చోటునూ పెన్సిలుతో గుర్తించి, అక్కడ అసలు దారి ఏ దిక్కుకు పోతుందో పక్కన రాసుకోండి. ఇక్కడే దిక్సూచి పనికొస్తుంది. చీలిక దగ్గర నిలబడి సూది వంక ఒక్క చూపు చూస్తే చాలు, నైరుతికి పోవాల్సిన మీరు ఆగ్నేయం వైపు దిగబోతున్నారని తెలిసిపోతుంది. దిక్సూచి చూపే ఉత్తరానికీ మ్యాపులోని ఉత్తరానికీ తేడా ఉంటుంది, అది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. నేల ఎత్తుపల్లాలను చూపే మంచి టోపోగ్రఫీ మ్యాపు అంచున ఆ తేడా అచ్చువేసి ఉంటుంది.

ఫోను వద్దనడం లేదు. నెట్‌వర్క్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి, ముందుగా డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపు చాలా ఉపయోగం. అయితే దట్టమైన ఆకుల కింద, నిటారు వాలుల పక్కన ఉపగ్రహ సంకేతాలు సరిగా అందక, మ్యాపులో మీరున్న చోటును చూపే చుక్క పదుల మీటర్లు పక్కకు జరిగి కనిపించవచ్చు. రెండు గట్లు విడిపోయే చోట ఆ తేడా చాలు, తప్పు గట్టు మీద ఉండి కూడా సరైన దారిలోనే ఉన్నామనుకోవడానికి. సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ అయిపోకుండా ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కనుక, ఫోనును లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి.

ప్రశ్న: మేం వెళ్లదలచిన రిడ్జ్ మీద ఎక్కడా నీళ్లు లేవు. ఒక కనుమకు 80 మీటర్ల దిగువన వాగు ఉన్నట్టు మ్యాపు చూపిస్తోంది. అక్కడ నింపుకోవచ్చన్న ధైర్యంతో తక్కువ నీళ్లు మోయవచ్చా?

జవాబు: కొండ వెన్ను మీద పడిన వాన రెండు వైపులా జారిపోతుంది, అందుకే రిడ్జ్ మీద నీరు నిలవడం అరుదు. మీ మ్యాపులో వాగు గీత తెగి తెగి ఉంటే, అది ఏడాది పొడుగునా పారేది కాదని అర్థం. తెగకుండా ఉన్నా ఎండకాలపు చివర ఎండిపోయి ఉండవచ్చు. 80 మీటర్లు అంటే సూత్రం ప్రకారం ఎనిమిది నిమిషాల ఎక్కుడే. కానీ బాట లేని పొదల్లోంచి దిగి, నింపుకుని, మళ్లీ ఎక్కి రావడానికి అరగంటకు పైగానే పోతుంది. ఆ వాగును ఆపద్ధర్మంగా ఉంచుకోండి తప్ప, ప్రణాళికలో భాగం చేయకండి.

చల్లని వాతావరణంలో, ఓ మోస్తరు నడకకు గంటకు అర లీటరు మంచి అంచనా. ఎండ తీవ్రంగా ఉంటే అది లీటరు దాకా పోతుంది. ఏడెనిమిది గంటల నడకకు మనిషికి నాలుగు లీటర్లంటే నాలుగు కిలోల బరువు, కానీ గంట గంటకూ తగ్గే బరువు. దాహం లేకపోయినా పంతం పట్టి లీటర్లకొద్దీ ఉత్త నీళ్లు తాగడం కూడా మంచిది కాదు. చెమటతో ఉప్పు పోతుండగా నీరు మాత్రమే నింపితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. నీటితో పాటు ఉప్పదనం ఉన్న తిండి కూడా తినాలి.

వాగు నీరు ఎంత తేటగా ఉన్నా శుద్ధి చేయకుండా తాగకండి. మరగబెట్టే వీలుంటే, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2000 మీటర్లకు పైన ఎత్తుల్లో మూడు నిమిషాలు ఉంచాలి. క్లోరిన్ మాత్రలు చాలా సూక్ష్మజీవులను చంపుతాయి గానీ క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి విషయంలో వాటిని నమ్మలేం.

ప్రశ్న: మధ్యాహ్నం ఉరుములు వస్తే రిడ్జ్ మీద ఏ చెట్టు కింద నిలబడటం క్షేమం?

జవాబు: ఏ చెట్టు కిందా కాదు, రిడ్జ్ మీదే కాదు. ఎండకు వేడెక్కిన వాలుల మీది గాలి పైకి లేచి, మధ్యాహ్నానికల్లా మేఘాలుగా పేరుకుంటుంది. కొండల్లో పిడుగుల వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక రావడానికి కారణం ఇదే, ఉదయాన్నే బయలుదేరమనడానికి ఇదీ ఒక కారణమే. తెల్లని మేఘం గోపురంలా నిట్టనిలువుగా పెరుగుతూ, అడుగు నల్లబడుతోందంటే ఉరుము వినిపించే దాకా ఆగనక్కరలేదు, దిగడం మొదలుపెట్టండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే, పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో సుమారుగా తెలుస్తుంది. 30 సెకన్లంటే పది కిలోమీటర్లు. ఆ దూరంలో ఉన్న గాలివాన తరువాతి పిడుగును మీ నెత్తిన వేయగలదు.

శిఖరం, రిడ్జ్, కనుమ మీది బట్టబయలు వదిలి పక్క వాలు మీదికి దిగండి. ఒంటరి చెట్టుకూ, చుట్టూ ఉన్నవాటికంటే తల పైకెత్తిన చెట్టుకూ దూరంగా, ఇంచుమించు ఒకే ఎత్తున్న పొట్టి చెట్ల గుంపులో ఉండండి. నేల మీద పడుకోకూడదు. బండ చూరు కిందా, గుహ ముఖద్వారం దగ్గరా నిలబడకూడదు, నేలలో పాకే విద్యుత్తు అలాంటి చోట్ల మనిషి గుండా దారి చూసుకుంటుంది. అందరూ ఒకచోట ముద్దగా చేరక ఎడంగా ఉంటే, ఒకరికి దెబ్బ తగిలినా సాయపడటానికి మరొకరుంటారు. చివరి ఉరుము వినిపించిన తరువాత 30 నిమిషాలు ఆగి అప్పుడు కదలండి.

చలి గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. ఎత్తు పెరిగే కొద్దీ, ప్రతి 1000 మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. అలా 900 మీటర్లు ఎక్కితే దాదాపు ఆరు డిగ్రీలు తగ్గినట్టే. దానికి రిడ్జ్ మీది గాలి, చెమటకు తడిసిన నూలు చొక్కా తోడైతే, కింద ఉక్కపోసిన రోజున కూడా పైన వణుకు పుడుతుంది. త్వరగా ఆరే చొక్కా, గాలినీ వాననూ ఆపే పలచని కోటు సంచిలో ఉండాలి.

ప్రశ్న: వయసు 58. ఎక్కడానికి ఆయాసం ఉండదు గానీ, దిగిన మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేను. ఇది మోకాళ్ల జబ్బా?

జవాబు: మోకాలి కీలులో నొప్పి, వాపు లేకుండా తొడ కండలు మాత్రమే పట్టేస్తే అది సాధారణంగా జబ్బు కాదు. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. అలా సాగుతూ పనిచేసినప్పుడు వాటిలో సూక్ష్మంగా చీలికలు వచ్చి, ఒకటి రెండు రోజుల తరువాత నొప్పి బాగా తెలుస్తుంది. ఎక్కడం ఎంత సాధన చేసినా దీనికి మందు కాదు, దిగడమే సాధన చేయాలి. నడకకు ముందు కొన్ని వారాల పాటు మెట్లు నిదానంగా దిగడం అలవాటు చేసుకుంటే, కండరాలు దానికి తట్టుకోవడం నేర్చుకుంటాయి. దిగే దారిలో అంగలు పొట్టిగా వేయండి, మోకాలిని బిగించకుండా కాస్త వంచి ఉంచండి. ట్రెకింగ్ కర్రలుంటే ఎక్కేటప్పటికంటే కొంచెం పొడుగు చేసి పట్టుకోండి. కీలులోనే నొప్పి ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: నడకంటే మనసుకు తోచినట్టు తిరగడం కదా. ఇన్ని లెక్కలు వేసుకుంటే ఆనందమేముంటుంది?

జవాబు: లెక్కలన్నీ ముందురోజు రాత్రి అరగంటలో అయిపోతాయి. వాటిని వేసుకోని వారు కొండ మీద ప్రతి అరగంటకూ గడియారం చూసుకుంటూ నడవడమే ఎక్కువగా చూశాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇలాంటి నడకలకు తరచూ వెళ్తుంటాడు. ‘కంగారు పడకమ్మా, సిగ్నల్ ఉండదు’ అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోతాడు. నేను ఎప్పుడు కంగారు పడాలో, ఎవరికి చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: అమ్మా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న, దానికి జవాబు చెప్పాల్సింది మీ అబ్బాయే. బయలుదేరే ముందు ఆయన చేత ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయించుకోండి. ఏ బాటలో ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతాడు, వెంట ఎవరున్నారు, ఎన్ని గంటలకు కిందికి చేరి ఫోను చేస్తాడు, ఆ వేళ దాటిన ఎంతసేపటికి మీరు ఏ నంబరుకు కబురు చేయాలి. ఆ నంబరు ఆ ప్రాంతపు అటవీశాఖ కార్యాలయానిదో, అత్యవసర సేవలదో అయి ఉండాలి. స్నేహితుడిది కాకూడదు, ఎందుకంటే ఆ స్నేహితుడు కూడా కొండ మీదే ఉండే అవకాశం ఎక్కువ. కిందికి చేరాల్సిన వేళకూ కబురు చేయాల్సిన వేళకూ మధ్య రెండు మూడు గంటల ఎడం పెట్టుకోండి. ఆ ఎడం గడిచే దాకా మీరు నిబ్బరంగా ఉండవచ్చు, గడిచాక మాత్రం మొహమాటపడకుండా ఫోను చేయండి. మధ్యలో దారి మార్చుకోవాలనిపిస్తే, ఆ సంగతి మీకు చెప్పే వీలు లేనప్పుడు మార్చుకోకూడదన్న షరతు కూడా పెట్టండి. కాగితం మీద ఉన్న బాటలోనే కదా వెతికేవారు వెతుకుతారు.

ఆయన సంచిలో ఒక విజిల్, తలకు కట్టుకునే టార్చి ఉన్నాయో లేదో చూడండి. ఆపదలో ఉన్నామని తెలపడానికి కొండల్లో వాడే గుర్తు, నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊదడం లేదా టార్చి వెలిగించడం. తరువాత ఒక నిమిషం ఆగి మళ్లీ అలాగే చేయాలి. విన్నవారు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు. అరిచిన గొంతు కాసేపటికే బొంగురుపోతుంది, విజిల్‌కు ఆ బాధ లేదు. సిగ్నల్ బలహీనంగా ఉండి మాట కలవని చోట కూడా ఒక్కోసారి ఎస్సెమ్మెస్ వెళ్తుంది కాబట్టి, కాల్ కలవలేదని ఊరుకోకుండా అదీ ప్రయత్నించమని చెప్పండి.

ప్రశ్న: కొత్త బూట్లు కొన్నాను. వాటి మొదటి నడక ఇదే కావచ్చా?

జవాబు: వద్దు. కొన్నాళ్లు రోజువారీ నడకలో వాడి, పాదానికి ఎక్కడ ఒరుసుకుంటున్నాయో తెలుసుకోండి. దిగే దారిలో వేళ్లు ముందుకు జారి బూటు కొసకు గుద్దుకుంటే గోళ్లు నల్లబడతాయి, అందుకే వేళ్ల ముందు కొంచెం ఖాళీ ఉండాలి, దిగే ముందు లేసు బిగించి కట్టుకోవాలి. మడమ మీద మంట మొదలవగానే ఆగి టేపు వేయండి. బొబ్బ లేచాక చేసే వైద్యం అంతగా పనిచేయదు.

ప్రశ్న: మా కుక్కను వెంట తీసుకెళ్లవచ్చా?

జవాబు: చాలా రక్షిత అడవుల్లో పెంపుడు కుక్కలకు అనుమతి ఉండదు. కొన్నిచోట్ల గొలుసుతో ఉంటేనే రానిస్తారు, కాబట్టి ముందుగా అటవీశాఖను అడగండి. రానిచ్చే చోటైనా, మీతోపాటు దానికీ నీళ్లు మోయాలి. అది అలసిపోయి కూర్చుంటే చేతులమీద మోసుకుని దిగగలిగేంత బరువే ఉందా అన్నది కూడా చూసుకోండి.